స్కూలు లైబ్రేరియన్ల సంఘం: ఉమ్మడి కాపురమా, వేరు కుంపటా?

స్కూలు లైబ్రరీలు చూసేవాళ్లకు సంఘం కావాలంటే రెండు దారులున్నాయి. పెద్ద లైబ్రరీ సంఘంలో ఒక విభాగంగా ఉండటం అమెరికా పద్ధతి, విడిగా పెట్టుకోవడం బ్రిటన్ పద్ధతి.

అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1876లో పుట్టింది. అందులో స్కూలు లైబ్రరీల సెక్షన్‌కు అనుమతి వచ్చింది 1914లో. మన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం మొదలైందీ ఆ ఏడాదే, కాకపోతే మనవాళ్ల దృష్టంతా ఊరి గ్రంథాలయాల మీద. అమెరికాలో ఆ సెక్షన్ పూర్తిస్థాయి విభాగం అయ్యేసరికి 1951 వచ్చింది. ఉమ్మడి ఇంట్లో చిన్నకోడలి మాట చెల్లడానికి ఆమాత్రం టైం పడుతుంది మరి!

అయితే ఆ ఓపిక వృథా పోలేదు. 200 నుంచి 999 మంది పిల్లలున్న బడిలో 6,000 నుంచి 10,000 పుస్తకాలుండాలని 1960లో ప్రమాణాలు రాశారు. పెద్ద సంఘానికి వాషింగ్టన్‌లో 1945 నుంచే ఆఫీసుంది, చట్టసభల చుట్టూ తిరిగే మనుషులున్నారు. 1965లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టిన విద్యా చట్టంలో బడి లైబ్రరీల పుస్తకాలకు, బోధన సామగ్రికి తొలి ఏడాదికే 10 కోట్ల డాలర్లు దక్కాయి. డబ్బు రాబట్టే విషయంలో ఉమ్మడి కాపురానిదే పైచేయి. నచ్చనిదల్లా చందా: విభాగంలో చేరాలంటే ముందు పెద్ద సంఘానికి కట్టాలి, ఆపైన దీనికి.

బ్రిటన్‌లో స్కూల్ లైబ్రరీ అసోసియేషన్ 1937లో పుట్టింది. దానికి సొంత పత్రిక కూడా ఉంది. డిగ్రీ ఉన్న లైబ్రేరియన్లే కాదు, లైబ్రరీ చూసే టీచర్లూ చేరొచ్చు. కానీ ఇంగ్లండులో జైల్లో లైబ్రరీ ఉండి తీరాలని రూలుంది, బడిలో ఉండాలని మాత్రం ఇప్పటికీ చట్టం లేదు. ఇన్నేళ్లుగా సంఘం ఉన్నా ఆ ఒక్క పనీ కాలేదు.

అయినా మన దగ్గరైతే నా ఓటు వేరు కుంపటికే. మన సర్కారు బళ్లలో చాలాచోట్ల లైబ్రరీ అంటే ఒక బీరువా, ఒక స్టాకు రిజిస్టరు, తాళం పెట్టుకున్న ఇన్‌ఛార్జి టీచరు. పుస్తకం పోతే జేబులోంచి కట్టాలేమోనన్న టెన్షన్‌తో ఆ తాళం తీయరు. డిగ్రీలున్న లైబ్రేరియన్ల సంఘంలో ఆ టీచరు గోడు ఎవరికి పడుతుంది? సభ్యత్వం మాత్రం బడి పేరు మీదే ఇవ్వాలి. అప్పుడు ఈ టీచరుకు బదిలీ అయినా, తర్వాత తాళం తీసుకున్నవాళ్లకు సంఘం అందుబాటులోనే ఉంటుంది.