మంగళవారం రాత్రి కోడి ఈకల క్లబ్బు

ఇది ఫ్లై ఫిషింగ్ క్లబ్బు, అంటే ఈకలతో కట్టిన ఎరతో చేపలు పట్టేవాళ్ళది. పేరు రాయడం లేదు. కింద రెండు మూడు ఫిర్యాదులు కూడా ఉన్నాయి, నడిపేవాళ్ళేమో పాపం అందరూ వాలంటీర్లు. డెట్రాయిట్‌కి పడమటి శివార్లలో, మేముండే నోవైకి ఇరవై నిమిషాల దూరంలో, ఒక చర్చి బేస్‌మెంట్‌లో నడుస్తుంది. సభ్యత్వం ఏడాదికి 40 డాలర్లు. నవంబరు నుంచి మార్చి దాకా ప్రతి మంగళవారం రాత్రి ఏడింటికి ఫ్లైలు కట్టే క్లాసు, నెలకోసారి మీటింగు, ఏప్రిల్ నుంచి నదుల మీదికి ట్రిప్పులు. ముందే చెప్పేస్తున్నా, ఆ నలభై డాలర్లూ మంగళవారాలకే చెల్లిపోతాయి. మిగతావి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మాది భీమవరం పక్క పల్లె. చేపలు పట్టడమంటే నాకు తెలిసింది వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, కొక్కేనికి గుచ్చిన వానపాము. కాలువ గట్టు మీద కూర్చోవడం, బెండు మునిగితే లాగడం. ఫ్లై ఫిషింగ్‌లో వానపాము లేదు, బెండు లేదు. చేప తినే పురుగులాంటిదాన్ని ఈకలతో, బొచ్చుతో, దారంతో మనమే కొక్కెం మీద కట్టాలి. అదే ఫ్లై. దానికి బరువుండదు కాబట్టి విసిరితే ఎక్కడికీ పోదు. అందుకని బరువంతా లైనులో ఉంటుంది. ఆ లావుపాటి లైను గాల్లో వెనక్కీ ముందుకీ సాగి, చివరనున్న ఫ్లైని మోసుకెళ్తుంది.

మొదటి రాత్రి కట్టించింది వూలీ బగ్గర్. పెన్సిల్వేనియాలో రస్సెల్ బ్లెస్సింగ్ అనే ఆయన 1967లో కనిపెట్టాడట. కొత్తవాళ్ళకి ఇదే మొదటి పాఠం. వెనక మారబూ తోక, అంటే టర్కీ కోడి మెత్తటి ఈక. ఒళ్ళంతా షెనీల్ అనే నూగు దారం, దాని మీద ఒక కోడి ఈక చుట్లు చుట్లుగా. చూడ్డానికి గొంగళిపురుగు, నీళ్ళలో పడితే జలగ. క్లబ్బువాళ్ళే వైజు (కొక్కేన్ని బిగించి పట్టుకునేది), బాబిన్ (దారపు ఉండని పట్టుకునేది), కత్తెర ఇస్తారు. ఎనిమిది వారాల క్లాసుకి సామానుతో కలిపి 30 డాలర్లు.

నేర్పే ఆయనకి డెబ్బై దాటాయి. కార్ల కంపెనీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. మనసులో నేనాయన్ని మాస్టారు అనే అనుకుంటాను. మొదటిది కట్టేసరికి నాకు నలభై నిమిషాలు పట్టింది, దారం మూడుసార్లు తెగింది. ఆయన లెన్స్ ఉన్న దీపం కిందికి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "కొక్కెం కన్ను ఎక్కడుంది?" అన్నాడు. లేదు. దారం చుట్టీ చుట్టీ కన్ను పూడ్చేశాను, ఇక లైను ఎక్కించేదెక్కడ? బ్లేడు తీసి మొత్తం కోసేశాడు, ఖాళీ కొక్కెం చేతిలో పెట్టాడు. "కన్ను వెనక ఒక కన్నంత చోటు వదులు, అక్కడ ఏమీ కట్టకు, తలకి కావాలి." రెండోదీ కోసేశాడు. మూడోది మాత్రం కోయకుండా ఒక బెండు ముక్కకి గుచ్చి, తేదీ రాసి ఇచ్చాడు. అదింకా నా ఆఫీసు బల్ల మీద ఉంది, పరమ అసహ్యంగా.

అయిదో వారం ఆడమ్స్ అనే ఫ్లై. ఇది మిషిగన్ సరుకే. 1922లో మేఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో లెన్ హాలడే కట్టాడు. దాన్ని బోర్డ్‌మన్ నది మీద మొదట వాడి చూసిన స్నేహితుడి పేరే దానికి పెట్టాడు. ఒంటికి మస్క్‌రాట్ అనే నీటి ఎలుక బూడిదరంగు నూగు. మెడ దగ్గర రెండు రంగుల పుంజు ఈకలు కలిపి చుట్టాలి. ఒకటి ఎర్రగోధుమ రంగుది, ఒకటి నలుపూ తెలుపూ చారలది. వీళ్ళు దాన్ని గ్రిజ్లీ అంటారు. మాస్టారు ఆ రెండు పుంజుల మెడ చర్మాల్ని ఈకలతో సహా బల్ల మీద పరిచేసరికి నేను నవ్వాపుకోలేకపోయాను. మా మేనమామ దొడ్లో ఉన్నవే! ఒకటి డేగ, రెండోది ఇంచుమించు పర్ల. సంక్రాంతి ముందు ఆయన పుంజు మెడ ఈకల్ని వేళ్ళతో వెనక్కి దువ్వి, నిగనిగ చూసి, బిరుసు చూసి రంగు పేరు చెప్పేవాడు. (పందేల సంగతి పక్కన పెడదాం.) ఇక్కడా అదే పరీక్ష. ఈకని వంచి పట్టుకుంటే పీచు ముళ్ళలా నిక్కి నిలబడాలి. అలా ఉంటేనే ఆ పీచుల కొనల మీద ఫ్లై నీళ్ళపై తేలుతుంది, మెత్తటిదైతే తడిసి మునుగుతుంది. ఆ ఒక్క రాత్రి మాత్రం ఈకలు ఎంచడంలో నేనే ఫస్టు. కట్టడంలో కాదనుకోండి.

ఖర్చు మాత్రం వాళ్ళు చెప్పినంత తక్కువ కాదు, ఇది గమనించండి. క్లాసు అయ్యాక సొంతంగా కడదామంటే వైజు కొనాలి, ఈకలు కొనాలి. కొలరాడోలో ఈకల కోసమే పుంజుల్ని తరతరాలుగా ఎంచి పెంచే ఫారాలున్నాయి. అలాంటి మంచి మెడ ఒకటి నాకు వంద డాలర్ల దాకా పడింది. మా మావయ్యకి ఫోన్లో చెబితే రూపాయల్లో లెక్క కట్టి కాసేపు మాట్లాడలేదు. ఇంకో తిరకాసు కొక్కేల సైజు. అంకె పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. అది తెలియక పెద్దవనుకుని 18 నంబరు పొట్లం తెచ్చుకున్నాను. బియ్యపు గింజంత ఉన్నాయి.

పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు. మా పదకొండేళ్ళ అమ్మాయి రెండో వారం నుంచి వచ్చింది, గులాబీరంగు మారబూతో కట్టి మాస్టారి చేత మెచ్చుకోలు కొట్టేసింది. దాని వేళ్ళు నావాటికంటే నయం. పదిహేడేళ్ళ లోపు వాళ్ళకి ఫిషింగ్ లైసెన్స్ కూడా అక్కర్లేదు.

నెలవారీ మీటింగ్ వదిలేయండి. నేను వెళ్ళిన రెండుసార్లూ ఎవరో గైడు వచ్చి, తాను వెళ్ళిన దూరదేశాల ఫొటోలు గంటన్నర చూపించాడు. చివర్లో లాటరీ టికెట్లు అమ్మారు.

అసలు కడుపు మండింది జూన్ ట్రిప్పుతో. గ్రేలింగ్ ఊరి దగ్గర ఓ సాబుల్ నది, మా ఇంటి నుంచి దాదాపు మూడు గంటల డ్రైవు. ఊరికి పేరిచ్చిన గ్రేలింగ్ చేప మాత్రం ఆ నీళ్ళలో ఎప్పుడో అంతరించిపోయింది. జూన్ చివర్లో అక్కడ రాత్రిపూట హెక్స్ అనే పెద్ద మేఫ్లై పురుగులు లేస్తాయి. మనకి వానాకాలంలో దీపం చుట్టూ ముసిరే ఉసిళ్ళని తలుచుకోండి, అవి ఇంకా పెద్దవైతే ఎలా ఉంటాయో అలా. వాటి కోసం పెద్ద ట్రౌట్ చేపలు పైకొస్తాయి. వేక్లీ బ్రిడ్జి దగ్గర ఎనిమిదింటికి కలుద్దామన్నారు. నేను వెళ్ళేసరికి పిట్ట లేదు. ఆ మధ్యాహ్నమే చోటు మార్చి, ఫోన్ల మీద ఒకరికొకరు చెప్పుకున్నారట. కొత్త సభ్యుల నంబర్లు ఆ లిస్టులో లేవు. సిగ్నలూ లేదు. గంటన్నర దోమలకి విందు చేశాను. పది దాటాక చీకట్లో ఎక్కడో నీళ్ళలో గుబుక్కుమని చప్పుడు, కాసేపాగి ఇంకోటి. ముందెప్పుడూ చూడని నదిలో రాత్రిపూట ఒక్కణ్ణే దిగే ధైర్యం లేక ఒడ్డునే నిలబడి విని వచ్చేశాను. తర్వాత మంగళవారం... లేదు, వేసవిలో మంగళవారాలుండవు, అదే నా బాధ. నవంబరులో అడిగితే "అయ్యో, నువ్వూ వచ్చావా?" అన్నారు.

అంతకుముందు ఏప్రిల్ ట్రిప్పు మాత్రం బాగానే జరిగింది. దగ్గర్లోనే, ప్రౌడ్ లేక్ దగ్గర హ్యూరాన్ నది. అక్కడ ప్రభుత్వం వాళ్ళు ట్రౌట్లు తెచ్చి వదులుతారు. ఏప్రిల్లో ఫ్లైలతోనే పట్టాలి, పట్టింది వదిలేయాలి. మావాళ్ళు పద్నాలుగు మంది ఒకే మలుపులో దిగారు, ఒకరి లైను ఒకరికి చుట్టుకుంటోంది. నేను పక్కకి జరిగి, సొంతంగా కట్టిన నల్ల వూలీ బగ్గర్‌ని మెల్లగా లాగుతుంటే చెయ్యి ఝల్లుమంది. జానెడు కంటే కాస్త పెద్ద ట్రౌట్, ఒళ్ళంతా చుక్కలు. చేతులు తడి చేసుకుని కొక్కెం తీసి వదిలేశాను. తల దగ్గర దారం ఊడలేదు, అదే నేను ముందు చూసుకున్నది.

రాత్రి అమ్మకి చెప్పాను. "అంత చలిలో నీళ్ళలో నిలబడి, పట్టింది వదిలేశావా? పులుసుకి సరిపోదా ఏంటి?"

"రూలమ్మా."

"మరి ఆ ఈక ఎవరిది, మన కోడిదేనా?"

ఈసారి క్లాసులు కూడా నవంబరు మొదటి మంగళవారమే మొదలు. చర్చి ముందు తలుపుకి ఆరున్నరకే తాళం వేస్తారు, వెనక పార్కింగ్ వైపు నుంచి మెట్లు దిగండి. హీటర్ పక్క బల్ల దగ్గర మాత్రం కూర్చోకండి, అది ఆన్ అయినప్పుడల్లా ఈకలన్నీ ఎగిరిపోతాయి.