హెచ్-1బీ, బ్లూ కార్డు, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ: శాశ్వత నివాసానికి ఏ దారి మేలు?

మొహర్రం నాళ్లలో నెల్లూరు స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగలో చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె పట్టేవారితో పాటు విదేశీ రొట్టె కోసం వెతుక్కునే యువకులు, వారి తల్లులు ఎప్పుడూ కనిపిస్తారు. కోరిక తీరినవారు మరుసటి ఏడు వచ్చి తమ వంతు రొట్టె ఇవ్వాలన్నది అక్కడి ఆచారం. కొడుకు పాస్‌పోర్టులో వీసా పడిన ఏడే మా పెద్దక్క వచ్చి రొట్టె ఇచ్చి వెళ్లింది. తాత్కాలిక ఉద్యోగ వీసా వేరనీ, ఆ దేశంలో స్థిరంగా ఉండే హక్కు వేరనీ మా ఇంట్లో ఎవరికీ అప్పట్లో తెలియదు.

ఒంగోలులో ఇంజినీరింగు చదివిన మా అక్క కొడుకు 2014లో హెచ్-1బీ అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద అమెరికా వెళ్లాడు. అతని కంపెనీ మంచిదే. శాశ్వత నివాసమిచ్చే గ్రీన్ కార్డు ప్రక్రియ త్వరగానే మొదలుపెట్టి, అందుకోసం కంపెనీ వేసే ఐ-140 అనే పిటిషనుకు 2016లో ఆమోదం కూడా తెప్పించింది. ఈబీ-2 అనే ఉద్యోగ ఆధారిత తరగతిలో అతని ప్రయారిటీ డేట్, అంటే వరుసలో అతని స్థానాన్ని నిర్ణయించే తేదీ, 2015 చివరిది. ఏ తేదీ వరకు ఉన్నవారి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో, 2025 అక్టోబరులో భారతదేశంలో పుట్టినవారికి ఈబీ-2 తేదీ 2013 ఏప్రిల్ దగ్గర, ఈబీ-3 తేదీ 2013 ఆగస్టు దగ్గర ఉన్నాయి. రెండున్నరేళ్ల తేడాయే కదా అని చూసేవారికి అనిపిస్తుంది కానీ, ఆ తేదీలు క్యాలెండరు నడిచినట్టు నడవవు. నెలల తరబడి కదలకుండా నిలిచిపోతాయి, ఒక్కోసారి ఏళ్ల వెనక్కి కూడా పోతాయి. ఒంగోలులో 2009లో పుట్టి ఐదేళ్ల వయసులో తండ్రి వెంట వెళ్లిన అతని కూతురికి 2030లో 21 ఏళ్లు నిండుతాయి. ఆ రోజుతో ఆమె తండ్రి మీద ఆధారపడిన హెచ్-4 హోదా ముగిసిపోతుంది. పిల్లల హోదాను కాపాడే 2002 నాటి చట్టం ఐ-140 పరిశీలనలో గడిచిన కాలాన్ని వయసులోంచి తీసివేస్తుంది గానీ, అది సాధారణంగా కొన్ని నెలలకు మించదు. ఇంగ్లీషులోనే కలలు కనే ఆ పిల్ల, తాను పెరిగిన దేశంలోనే విదేశీ విద్యార్థిగా మళ్లీ వీసా అడగవలసి వస్తుందేమోనన్న బెంగ మా ఇంట్లో అందరినీ పట్టుకుని ఉంది.

అందువల్ల ఏ దేశం మేలని ఎవరైనా అడిగితే నేను జీతం సంగతి చివర చెబుతాను. శాశ్వత నివాసం ఎవరి చేతిలో ఉందన్నది ముందు తేల్చుకోవాలి. అది కంపెనీ చేతిలో ఉండవచ్చు, లాటరీ చేతిలో ఉండవచ్చు, మనం ఎక్కడ పుట్టామన్న దాని చేతిలో ఉండవచ్చు, లేదా మన చదువు, భాష, వయసు అనే మన చేతిలోని వాటి మీదే ఆధారపడవచ్చు.

అమెరికా విషయంలో మొదటి మూడూ కలిసే ఉన్నాయి. హెచ్-1బీకి ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 అన్న పరిమితి ఉంది. దరఖాస్తులు అంతకు మించితే లాటరీ తీస్తారు. వీసా మూడేళ్లకు ఇస్తారు, ఆరేళ్ల వరకు పొడిగిస్తారు. ఐ-140 ఆమోదం పొంది వరుసలో ఉన్నవారికి ఆరేళ్లు దాటాక కూడా మూడేళ్ల చొప్పున ఎక్స్‌టెన్షన్ దొరుకుతుంది, కాబట్టే మనవాళ్లు పదిహేనేళ్లుగా తాత్కాలిక వీసా మీదే ఇళ్లు కొనుక్కుని బతుకుతున్నారు. అసలు చిక్కు ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల లెక్కలో ఉంది. ఏటా ఇచ్చేవి 1,40,000; అందులో భార్యాపిల్లలను కూడా లెక్కిస్తారు; ఒక్కో దేశంలో పుట్టినవారికి 7 శాతానికి మించకూడదన్న నియమం ఉంది. అంటే సూత్రం ప్రకారం భారతదేశానికి దక్కేవి 9,800. ఇతర దేశాలవారు వాడుకోకుండా మిగిలినవి కొన్నిసార్లు కలిసివచ్చినా, వరుస పొడవు ముందు అవి ఏ మూలకూ చాలవు.

ఈ వరుసలో నిలబడి ఉండగా ఉద్యోగం పోతే కొత్త కంపెనీని వెతుక్కోవడానికి మామూలుగా ఉండే గడువు 60 రోజులు. కొత్త కంపెనీ దొరికితే ప్రయారిటీ డేట్ పాతదే నిలుస్తుంది కానీ, ఆ పనికి స్థానికులు దొరకలేదని చూపే లేబర్ సర్టిఫికేషన్, ఐ-140 చాలా సందర్భాల్లో మళ్లీ మొదటి నుంచి చేయించుకోవాలి. భార్యకు పని చేసే అనుమతి కూడా భర్త ఐ-140 మీదే ఆధారపడుతుంది. ఆ సౌకర్యం సైతం 2015లోనే వచ్చింది. వీటన్నిటికీ తోడు, 2025 సెప్టెంబరు 21 నుంచి అమెరికా వెలుపల ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలన్న అధ్యక్ష ప్రకటన అమల్లోకి వచ్చింది. అక్కడే చదువుకుని విద్యార్థి వీసా నుంచి హెచ్-1బీకి మారేవారికి అది వర్తించదని ఆ తర్వాత స్పష్టం చేశారు. లాటరీలో కూడా జీతం స్థాయి ఎక్కువ ఉన్నవారికి ఎక్కువ అవకాశం దక్కేలా 2026 నుంచి నిబంధన మార్చారు. నెల్లూరులోనో కావలిలోనో కూర్చుని, నాలుగైదేళ్ల అనుభవంతో నేరుగా హెచ్-1బీ వస్తుందని ఎదురుచూడడం ఈ పరిస్థితుల్లో తెలివైన పని కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక్కడ మన ప్రాంతం వారు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. గ్రీన్ కార్డు వరుసను నిర్ణయించేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. మన జిల్లాల నుంచి, పక్కనున్న కడప నుంచి కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు వెళ్లి పని చేసినవారి పిల్లలు కొందరు అక్కడే పుట్టారు. భారత పాస్‌పోర్టు ఉన్నా, వారిని కువైట్ కోటాలో లెక్కిస్తారు. భర్త నెల్లూరులో పుట్టినా, భార్య కువైట్‌లో పుట్టి ఉంటే ఆమె జన్మదేశం మీద భర్త కూడా గ్రీన్ కార్డు అడగవచ్చు. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి భారతదేశపు వరుసలోనే నిలబడిన దంపతులు నాకు తెలుసు. జనన ధ్రువీకరణ పత్రం ఒకసారి తీసి చూసుకోవడానికి ఖర్చేమీ లేదు.

కెనడా పద్ధతి దీనికి పూర్తిగా భిన్నమైనది. 2015లో మొదలైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పుట్టిన దేశాన్ని బట్టి కోటా లేదు, కంపెనీ తప్పనిసరి కాదు. వయసు, చదువు, భాష, అనుభవాలకు 1,200 పాయింట్ల లెక్క కట్టి, ఎక్కువ ఉన్నవారిని డ్రాలు అనే విడతల్లో పిలుస్తారు. పీఆర్, అంటే శాశ్వత నివాసం, చేతికి వచ్చాకే విమానం ఎక్కవచ్చు. సూత్రంగా చూస్తే ఇంతకన్నా న్యాయమైన పద్ధతి లేదు. అయితే లెక్క వేసి చూడకుండా దిగినవారే ఎక్కువగా నష్టపోతున్నారు. పెళ్లికాని 29 ఏళ్ల బీటెక్ పట్టభద్రుడిని తీసుకుందాం. వయసుకు 110, డిగ్రీకి 120, నాలుగు విభాగాల్లోనూ అత్యున్నత ఇంగ్లీషు స్కోరుకు 136, మూడేళ్ల విదేశీ అనుభవం, చదువు, భాష కలిసినందుకు మరో 75, మొత్తం 441. మన పిల్లవాడు ఇంతకంటే బాగా చేయలేడు. కానీ 2025లో కెనడా అనుభవం ఉన్నవారి కోసం జరిగిన డ్రాలలోనే కనీస స్కోరు 500 దాటింది. పైగా 30వ ఏట నుంచి వయసు పాయింట్లు ఏటా తగ్గుతూ వచ్చి, 33 ఏళ్లకు 88 మాత్రమే మిగులుతాయి. ఉద్యోగ ఆఫరుకు ఇచ్చే అదనపు పాయింట్లను 2025 మార్చిలో పూర్తిగా తీసేశారు.

అయితే ఆ తలుపు మూసుకుపోయిందని నేను అనడం లేదు. 2023 నుంచి వైద్యం, చేతివృత్తులు, ఫ్రెంచి భాష వంటి తరగతులకు, 2025 నుంచి విద్యారంగానికి కూడా విడిగా పిలుపులు వస్తున్నాయి. ఫ్రెంచి బాగా వచ్చినవారికి 400 చుట్టూ ఉన్న స్కోరుకే పిలుపు వచ్చిన సందర్భాలున్నాయి. ఏదైనా రాష్ట్రం నామినేట్ చేస్తే 600 పాయింట్లు కలుస్తాయి. నర్సుకూ ఉపాధ్యాయినికీ కెనడా ఇప్పటికీ మంచి దారే. ముసలి తల్లిదండ్రుల విషయంలోనూ కెనడా ఉదారంగా ఉంటుంది. సూపర్ వీసా మీద వారు ఒక్కసారి వెళితే ఐదేళ్ల వరకు పిల్లల దగ్గర ఉండవచ్చు.

నాకు కోపం తెప్పించేది ఎల్ఎంఐఏ పేరుతో జరిగే వ్యాపారం. ఫలానా పనికి స్థానికులు దొరకడం లేదని కెనడా ప్రభుత్వం కంపెనీకి ఇచ్చే అనుమతి అది. దాని రుసుము కంపెనీయే కట్టాలి, ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని చట్టం చెబుతోంది. మా వీధిలో ఒక కుటుంబం రొయ్యల గుంట అమ్మి ఒక కన్సల్టెన్సీకి ఆ కాగితం కోసం లక్షలు కట్టింది. ఆ కాగితం రాలేదు, గుంటా పోయింది. ఒకవేళ వచ్చి ఉన్నా, ఉద్యోగ ఆఫరు పాయింట్లు లేని ఈ రోజుల్లో దానివల్ల పీఆర్ స్కోరు నేరుగా పెరిగేది కాదు.

నాకు తెలిసిన మన యువకులు చాలా తక్కువ అంచనా వేసే దేశం జర్మనీ. అక్కడి బ్లూ కార్డు కూడా తాత్కాలిక అనుమతే, దానికీ ఉద్యోగ ఆఫరు కావాలి. 2026లో కనీస వార్షిక జీతం 50,700 యూరోలు. ఐటీ, ఇంజినీరింగు, వైద్యం వంటి కొరత రంగాలవారికి, డిగ్రీ పొంది మూడేళ్లు దాటనివారికి సుమారు 45,934 యూరోలు ఉంటే చాలు. లాటరీ లేదు, ఏటా ఇన్నే అన్న సంఖ్య లేదు, పుట్టిన దేశం అడ్డు రాదు. ఆ ఉద్యోగంలో 27 నెలలు పని చేసి, పింఛను చందాలు కట్టి, ఏ1 అనే ప్రాథమిక స్థాయి జర్మన్ వచ్చి ఉంటే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. బీ1 అనే మధ్యస్థ స్థాయి భాష వస్తే 21 నెలలే. మా అక్క కొడుకు పదేళ్లకు పైగా ఎదురుచూస్తున్న హక్కును, భాష నేర్చుకున్న కారణంగా రెండేళ్లలోపే పొందే వీలు అక్కడ ఉంది. కాలం మన శ్రమను బట్టి తగ్గడమన్న ఈ ఒక్క లక్షణం కోసమే నేను ఆ దేశాన్ని ముందు నిలబెడుతున్నాను.

భార్యకు భాషా పరీక్ష అక్కర్లేదు, వెళ్లిన నాటి నుంచే ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. మొదటి ఏడాది తర్వాత కంపెనీ మారడానికి అడ్డులేదు. 2024 మార్చి తర్వాత మొదటిసారి అనుమతి పొందిన నిపుణులు తల్లిదండ్రులను కూడా పిలిపించుకోవచ్చన్న నిబంధన ఉంది, కానీ వయసు మళ్లినవారికి ఆరోగ్య బీమా దొరకడమే కష్టం కాబట్టి దాని మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దని చెబుతాను. లోపాలు ఇంకా ఉన్నాయి. పన్నులు, చందాలు పోగా చేతికి వచ్చే జీతం అమెరికా జీతం ముందు బాగా చిన్నది. ఇల్లు దొరకడం కష్టం, కాగితాల పని నెమ్మది. ఆఫీసులో ఇంగ్లీషుతో నెట్టుకొచ్చినా, పిల్లల బడిలో, డాక్టరు దగ్గర, మునిసిపల్ కార్యాలయంలో జర్మన్ రానిదే మనిషి మూగవాడైపోతాడు. డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయాన్ని ఆ దేశం గుర్తించిందో లేదో ఆనాబిన్ అనే వారి జాబితాలో ముందే చూసుకోవాలి. ఆఫరు లేనివారి కోసం 2024 జూన్ నుంచి ఛాన్సెన్‌కార్టె అనే అనుమతి ఇస్తున్నారు. దాని మీద ఏడాది పాటు అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు, వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. కానీ నెలకు వెయ్యి యూరోలకు పైగా ఖర్చుకు సొమ్ము చూపాలి. అప్పు చేసి ఆ దారి పట్టడం నాకు సమ్మతం కాదు. ఇక్కడి ఉద్యోగం చేసుకుంటూనే ఆఫరు సంపాదించి వెళ్లడం మేలు.

ఆస్ట్రేలియా నర్సులకు, ఉపాధ్యాయులకు, 45 ఏళ్ల లోపు అనుభవజ్ఞులకు అనువైనది. అక్కడి కంపెనీ వీసాలో రెండేళ్లు పని చేస్తే ఆ కంపెనీ ద్వారానే పీఆర్‌కు దారి ఉంది. బ్రిటన్‌లో ఐదేళ్లకు దక్కే స్థిరనివాసాన్ని పదేళ్లకు పెంచుతామని 2025 మేలో ప్రభుత్వం ప్రకటించినందువల్ల, ఇప్పుడు కొత్తగా అటు బయలుదేరమని నేను ఎవరికీ చెప్పలేను. గల్ఫ్ దేశాల్లో ఎన్నేళ్లున్నా మామూలు ఉద్యోగికి శాశ్వత నివాసమన్న మాట లేదు. అక్కడికి వెళ్లేవారు డబ్బు కూడబెట్టుకుని తిరిగి రావడానికే వెళ్లాలి.

ఈ లెక్కలన్నీ ఒకే మనిషికి వర్తించవు. అమెరికాలో ఇప్పటికే మాస్టర్స్ చేస్తున్న పిల్లలు అక్కడి ఉద్యోగ శిక్షణ కాలాన్ని వదులుకోవలసిన పని లేదు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగు, గణితం) చదివినవారికి మూడేళ్లు పని చేసుకునే వీలుంది, ఆ మూడేళ్లలో వచ్చే లాటరీలన్నీ ప్రయత్నించవచ్చు. పెద్ద కంపెనీలో మేనేజరు స్థాయిలో ఉన్నవారికి కంపెనీ లోపలి బదిలీకి ఇచ్చే ఎల్-1ఏ వీసా మీద వెళ్లి ఈబీ-1 తరగతిలో చేరే వీలుంది. అక్కడ భారతీయుల తేదీ 2025 అక్టోబరులో 2022 ఫిబ్రవరి దగ్గర ఉంది, అంటే నిరీక్షణ భరించదగినదే. వైద్యవృత్తిలో ఉండి భాషలు నేర్చుకునే ఓపిక ఉన్నవారు కెనడా, ఆస్ట్రేలియాలను ముందు చూడాలి. మూడు నుంచి ఎనిమిదేళ్ల అనుభవం ఉండి ఇక్కడి నుంచే బయలుదేరే ఐటీ, ఇంజినీరింగు నిపుణులకు మాత్రం ఈనాటి నిబంధనల ప్రకారం జర్మనీయే మేలని నా అభిప్రాయం. చెన్నైలోని గోథే ఇన్‌స్టిట్యూట్‌లో భాషా తరగతులూ పరీక్షలూ ఉన్నాయి, నెల్లూరు నుంచి రైలులో మూడు గంటల ప్రయాణం.

మా అక్క కొడుక్కి కూడా పోయిన సంక్రాంతికి ఫోనులో ఇదే చెప్పాను. ఆమోదం పొందిన ఐ-140ను మోసం లాంటి కారణాలతో రద్దు చేయనంతవరకు, అతను అమెరికా విడిచి వెళ్లినా 2015 నాటి ప్రయారిటీ డేట్ అతనిదే. కొన్నేళ్లు జర్మనీలో పని చేస్తూ పిల్లకు అక్కడ చదువు చెప్పించుకోవచ్చు. తన తేదీ వంతు వచ్చిన నాడు అమెరికాలో ఉద్యోగం ఇచ్చేవారుంటే ఆ పాత తేదీతోనే గ్రీన్ కార్డు అడగవచ్చు. అతను వెంటనే ఔననలేదు, కాదనలేదు. కూతురితో మాట్లాడి చెబుతానన్నాడు.