పేషెంట్ల కోసమంటూ అమ్మే మడత ట్రైలర్లు: డబ్బు కట్టేముందు ఇది చదవండి

మీకో మీ ఇంట్లోవాళ్ళకో పొట్ట డయాలసిస్ జరుగుతోందా? నాలుగు ఊళ్ళు తిరగడానికి వీలుగా మడత క్యాంపింగ్ ట్రైలర్ చేయించుకోవాలని చూస్తున్నారా? అయితే "పేషెంట్లకి స్పెషల్‌గా చేసిస్తామండి" అన్న మాట నమ్మి అడ్వాన్సు ఇచ్చేయకండి. హైవే పక్కన బాడీలు కట్టే ఒక షెడ్డులో నాకు జరిగింది రాస్తున్నాను. కేసు నడుస్తోంది కాబట్టి పేరు చెప్పడం లేదు.

నేను సీఏపీడీ మీద ఉన్నాను, అంటే గొట్టంతో పొట్టలోకి డయాలసిస్ నీళ్ళు పంపి, కొన్ని గంటలకి వాటిని తీసేసి కొత్తవి నింపుకునే పద్ధతి. రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి రెండు లీటర్ల బ్యాగు. మిషన్‌తో రక్తం శుభ్రం చేసే హీమో డయాలసిస్ అయితే వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వెళ్ళి పడుకోవాలి. సీఏపీడీలో ఆ బాధ లేదు, సరంజామా వెంట ఉంటే ఎక్కడైనా చేసుకోవచ్చు. కాకపోతే బ్యాగు మార్చే అరగంటా శుభ్రమైన చోటు కావాలి. తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, మాస్కు పెట్టుకుని, ధారగా పడే నీళ్ళలో సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పొట్టకి అమర్చిన గొట్టం, అదే క్యాథెటర్, మూత తీసిన ఆ కాసేపట్లో క్రిమి లోపలికి పోయిందంటే పొట్టలో ఇన్‌ఫెక్షనే. లాడ్జి గదుల మీద నాకు నమ్మకం లేదు. అందుకే ట్రైలర్. కారు వెనక తగిలించుకుని వెళ్ళి, ఆగినచోట పైకప్పు లేపి, రెండు పక్కలా మంచాలు బయటికి లాగితే మన గది మనకుంటుంది. డాక్టరుగారు కూడా సరేనన్నారు. ఆలోచన మంచిదేనని ఇప్పటికీ అంటాను, చేసిచ్చినవాళ్ళ తీరే ప్రాణం మీదికి తెచ్చేలా ఉంది.

అన్నిటికన్నా ముందు నీళ్ళ ట్యాంకు సంగతి. "ఫుడ్ గ్రేడ్ ట్యాంకు" అని వాట్సాప్‌లో రాసిచ్చారు. బండి ఇంటికొచ్చాక కుళాయి తిప్పితే నీళ్ళు ఘాటుగా వాసన వేశాయి. మా అబ్బాయి మంచం కింద పలక విప్పి చూశాడు. లోపల నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము. దాని మీద లేబుల్ గీకేశారు గానీ ఒక మూల మిగిలిపోయింది, దాంట్లో పుర్రె బొమ్మ సగం కనిపిస్తోంది. మా వైపు రొయ్యల చెరువుల గట్ల మీద ఇలాంటి ఖాళీ డ్రమ్ములు చాలా పడి ఉంటాయి. అందులో ఏ మందు పోశారో దేవుడికే తెలియాలి. క్యాథెటర్ పట్టుకునే చేతులు ఆ నీళ్ళతో కడుక్కోవాలట. ఫోన్ చేస్తే "రెండుసార్లు కడిగేశాం సార్, టెన్షన్ పడకండి" అన్నారు.

తర్వాత గుడ్డ. గాలాడే వాటర్‌ప్రూఫ్ క్యాన్వాస్ వేస్తామన్నారు. వేసింది ధాన్యం రాశుల మీద కప్పే బరకం, దానికి లోపలివైపు ఒక పల్చటి గుడ్డ కుట్టారు, అంతే. మన కోనసీమ గాలిలో ఎప్పుడూ తేమే. రాత్రి తలుపులు మూసి పడుకుంటే మనం వదిలిన ఊపిరే ఆ ప్లాస్టిక్‌కి తగిలి చుక్కలు చుక్కలుగా దుప్పటి మీద పడింది. అంతర్వేది వైపు వెళ్ళినప్పుడు వాన పట్టుకుంది, కుట్ల వెంట నీరు కారింది. తెల్లారాక ఎండ లేక తడిగానే మడవాల్సి వచ్చింది. ఇంటికొచ్చి మళ్ళీ విప్పేసరికి మూలలన్నీ నల్లటి బూజు.

మామూలు వాళ్ళకైతే బూజు చిరాకు, తుడుచుకుంటారు. మాకలా కాదు. ఫంగస్ పొట్టలోకి చేరితే చాలావరకు క్యాథెటరే తీసేయాల్సి వస్తుంది. బయటికి వచ్చే నీళ్ళు మసకగా కనిపించినా, కడుపునొప్పో జ్వరమో వచ్చినా ఆ బ్యాగు పట్టుకుని వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలని మా డయాలసిస్ నర్సమ్మ ప్రతిసారీ చెబుతుంది. ఆ వాన రాత్రి నేను ట్రైలర్‌లో బ్యాగు మార్చుకోలేదు. రాజోలులో బాబాయిగారింటికి వెళ్ళి, వాళ్ళు పడకగది ఖాళీ చేసిస్తే అక్కడ మార్చుకున్నాను. దగ్గర్లో చుట్టాలు లేని చోటైతే ఏం చేయాలి?

"సీల్డ్ రూమ్" అన్నది వెల్‌క్రోతో అతికించిన కర్టెన్. కింద జానెడు ఖాళీ, గాలి కొడుతూనే ఉంటుంది. బ్యాగు తగిలించే కొక్కేన్ని పైకప్పు గొట్టానికి ఒక్క రివెట్‌తో బిగించారు, రెండు కిలోలకే గొట్టం వంగింది. పైకప్పు దానంతటదే లేచేలా గ్యాస్ స్ట్రట్లు పెడతామని, చివరికి ఇనుప తాడుతో చేత్తో తిప్పి లేపే విన్చ్ పెట్టారు. పొట్టలో నీళ్ళు పెట్టుకుని బలంగా తిప్పితే హెర్నియా వచ్చే ప్రమాదం ఉంది, మేం బరువులు ఎత్తకూడదు. ఈ విషయం వాళ్ళకి మొదటి రోజే చెప్పాను.

ఇక అసలు భయపెట్టింది వెనక పెట్టె. మూడు రోజుల ప్రయాణానికి పన్నెండు బ్యాగులు, పైన రెండు స్పేర్. అంటే ముప్పై కిలోల దాకా. ఆ పెట్టెని ట్రైలర్ చిట్టచివర బిగించారు, దాని పక్కనే నలభై లీటర్ల నీళ్ళ డ్రమ్ము. బరువంతా ఇరుసు వెనకే పడింది. ట్రైలర్ మొత్తం బరువులో దాదాపు పదో వంతు ముందు కొక్కెం మీద పడాలి. వెనక బరువెక్కి ముందు తేలిపోతే బండి స్పీడులో అటూ ఇటూ ఊగుతుంది. రిపేరు కోసం షెడ్డుకే తీసుకెళ్తుంటే రావులపాలెం దాటాక గౌతమి వంతెన మీద ఒక లారీ ఓవర్‌టేక్ చేసింది. ఆ గాలికి ట్రైలర్ కుక్క తోక ఊపినట్టు ఊగి కారుని కూడా ఈడ్చింది. మా అబ్బాయి బ్రేక్ తొక్కలేదు, యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నాడు కాబట్టి బతికిపోయాం. కింద గోదారి.

షెడ్డువాళ్ళు "లోడు ఎక్కువైంది సార్" అని చేతులు దులుపుకున్నారు. లోడు ఎంతో వాళ్ళకి ముందే రాసిచ్చాను.

ఆ తర్వాత మా ఊరి వెల్డింగ్ మేస్త్రి సరిచేశాడు. పెట్టెనీ, కొత్త ట్యాంకునీ ఇరుసు మీదికి జరిపాడు. బ్యాగులు, నీళ్ళు, సామాను అన్నీ ఎక్కించి రైస్ మిల్లు కాటా మీద మొత్తం బరువు తూచాం. ముందు కొక్కెం కింద ఇటుకల మీద ఇంట్లో బరువు చూసుకునే మెషిన్ పెట్టి ఆ బరువూ చూశాం. మీరు డెలివరీ తీసుకునేటప్పుడే ఈ పని చేయండి, ఖాళీ బండి మీద కాదు, పూర్తి లోడుతో. మీ కారు ఎంత బరువు లాగగలదో మాన్యువల్‌లో చూడండి. కొన్నిటిలో ట్రైలర్ అసలు లాగొద్దనే ఉంటుంది. నేల చాప ఎత్తి ప్లైవుడ్ కూడా చూడండి. నీళ్ళకి తట్టుకునే మెరైన్ ప్లై అయితే ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది. నాకు వేసినదాని మీద ఏ ముద్రా లేదు, ఒక్క వానకే అంచులు ఉబ్బి పొరలు లేచాయి.

కాగితాల దగ్గర కూడా మోసమే. "చిన్న ట్రైలర్‌కి రిజిస్ట్రేషన్ అక్కర్లేదండి" అన్నారు. అది అబద్ధం. 1988 మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ ప్రకారం మిగతా వాహనాల్లాగే ట్రైలర్‌కీ రిజిస్ట్రేషన్ ఉండాలి. అమ్మేవాళ్ళు ఫామ్ 21 సేల్ సర్టిఫికెట్, ఫామ్ 22 రోడ్‌వర్తీనెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అవి లేకుండా రోడ్డెక్కి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా ఇరుక్కుంటారు. నాకు ఈ రోజుకీ ఆ రెండు కాగితాలూ ఇవ్వలేదు. అందుకే సరిచేయించిన బండి కూడా ఇంటి ముందే ఉంది.

మీకూ ఇలాంటిదే జరిగి ఉంటే ఊరుకోకండి. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదు తీసుకుంటుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు, కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. వాట్సాప్ మెసేజులు, బిల్లు, ఫోటోలు దాచుకోండి. బిల్లులో "ట్రైలర్ వర్క్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఒప్పుకోవద్దు. గుడ్డ రకం, ప్లై ముద్ర, ట్యాంకు కంపెనీ, పెట్టె ఎక్కడ బిగిస్తారు అన్నీ రాయించి సంతకం పెట్టించండి. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్ళుంటే మిగతా డబ్బు ఆపి, ముందు మంచం కింద పలక విప్పించి ట్యాంకు చూడండి.