భీమవరం శివారు లేఅవుట్: ఆర్చీ బాగుంది, మురుగు దారే లేదు

వరిచేలు పూడ్చి వేసిన ఈ వెంచరుకు ఐదులో రెండు మార్కులు. ఆర్చీ, 40 అడుగుల సిమెంటు రోడ్లు, కరెంటు స్తంభాలు బాగానే ఉన్నాయి. బ్రోచరుకు అంతకంటే ఏం కావాలి?

గొడవంతా నీటితోనే. చేలకు నీళ్లు తెచ్చే పంటబోదెను పూడ్చేశారు. చేల నీటిని బయటికి పంపే మురుగుబోదె మీద రోడ్డు పోసి, కింద ఒకే ఒక్క తూము పెట్టారు. సైడు కాలువలు గేటు దాకా వచ్చి ఆగిపోతాయి, అక్కణ్నుంచి డ్రెయినుకు దారి లేదు. ఇక్కడి మురుగునీటిని సముద్రానికి తీసుకెళ్లే యనమదుర్రు డ్రెయిను నిండుగా పారేటప్పుడు సముద్రం పోటు మీదుంటే నీరు దిగదు సరికదా, వెనక్కి ఎగదన్నుతుంది. పక్క రైతు చేను కూడా మునుగుతుంది. అందుకే స్థలం చూడ్డానికి వేసవిలో కాదు, ముసురు పట్టినప్పుడు వెళ్లండి.

ప్లాట్లు రోడ్డుకు మూడడుగుల పల్లం. 200 గజాలను రోడ్డు మట్టానికి తేవాలంటే 5,400 ఘనపుటడుగులు, అంటే యూనిట్‌కు వంద ఘనపుటడుగుల లెక్కన 54 యూనిట్ల మట్టి. అణిగాక ఇంకా పోయాలి. ఆ ఖర్చు గజం రేటులో కలుపుకుంటే ‘చవక’ అన్న మాట ఉత్తదేనని తేలుతుంది. అడుగున నల్లమట్టి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పోసిన మెరక మీదే పునాది వేస్తే గోడలు బీటలిస్తాయి. అండర్ రీమ్డ్ పైల్స్ (లోతుకు దిగి, అడుగున వెడల్పుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) వేయించడం మేలు. బోరు నీళ్లు ఉప్పన, తాగడానికి కుళాయే దిక్కు.

ఎనిమిది ప్లాట్లు, 500 చదరపు మీటర్లు దాటిన వెంచరుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. ఆ నంబరుతో పాటు ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే శాఖ కొలతల పటం) అడిగి, పాత బోదె ఎవరి ప్లాటు కింద ఉందో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.