టైము సరిగ్గానే చూపిస్తోంది కదా అని తొమ్మిదేళ్లు వదిలేశాను

పదమూడేళ్లుగా నా ఎడమ చేతికి ఒకటే వాచీ. 2012లో సెకండ్ ఇంజనీరుగా మొదటి కాంట్రాక్టు ముగించుకుని సింగపూర్‌లో ఓడ దిగినప్పుడు కొన్నాను. స్విస్ ఆటోమేటిక్ (చేతి కదలికతోనే కీ ఎక్కే రకం), డైవింగ్ వాచీ, డయల్ మీద 300 మీటర్లు అని రాసి ఉంటుంది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేది ఏ కంపెనీ వాచీకైనా వర్తిస్తుంది, పైగా జరిగినదాంట్లో కంపెనీ తప్పేమీ లేదు. డయల్ అందం, స్టీలు మెరుపు, చేతికి ఎలా కూర్చుంటుంది లాంటివి ఇలాంటి వాచీ కొనాలనుకునేవాళ్లకు ముందే తెలిసి ఉంటాయి. నేను రాయదలచుకున్నది ఒక్క ప్రశ్న గురించే. దీన్ని ఎన్నాళ్లకోసారి సర్వీసుకివ్వాలి?

మొదటి తొమ్మిదేళ్లు నా జవాబు ఒక్కటే: నడుస్తున్నంత కాలం ముట్టుకోవద్దు. అలా అనడానికి నాకు కారణం ఉంది. రోజుకు నాలుగైదు సెకండ్లు ముందుకు వెళ్లేది, అంతకు మించి ఎప్పుడూ తేడా రాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధి చెట్లన్నీ నేలకు ఒరిగిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లలో ఛార్జింగ్ లేదు, గోడ గడియారంలోకి నీళ్లు వెళ్లి ఆగిపోయింది. నీళ్ల ట్యాంకరు ఎన్నింటికి వస్తుందో, అమ్మకు మందు ఎన్నింటికి వేయాలో చూసుకోవడానికి ఇంటిల్లిపాదికీ నా చేతి వాచీయే దిక్కయింది. అప్పటి నుంచి దాని మీద నాకు అభిమానం, నమ్మకం రెండూ పెరిగిపోయాయి. "తొమ్మిదేళ్లయింది, ఒక్కసారి కూడా మూత తీయించలేదు" అని అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. ఆ మాట నమ్మి మా జూనియర్ ఒకతను తన వాచీ సర్వీసు వాయిదా వేసుకున్నాడు. ఆ సలహా ఇచ్చినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

2021 మాఘ పౌర్ణమికి ఇంట్లో అందరం భీమిలి వెళ్లి సముద్ర స్నానం చేశాం. వాచీ చేతికే ఉంది. 300 మీటర్లు అని రాసి ఉన్నప్పుడు నడుము లోతు నీళ్లకు భయం దేనికి, ఎప్పుడూ ఇలాగే దిగేవాణ్ణి. తిరిగి వస్తుంటే కారులో ఏసీ గాలి తగిలి, రుషికొండ దాటేసరికి వాచీ అద్దం లోపల, సరిగ్గా ఆరు అంకె మీద, అర్ధరూపాయి బిళ్ళంత మంచు పొర కనిపించింది. వేలితో రుద్దాను, పోలేదు. పొర లోపల ఉంది.

ఇంటికొచ్చి అందరూ చేసే పనే చేశాను, బియ్యం డబ్బాలో పెట్టాను. తెల్లారేసరికి అద్దం తేటగా ఉంది, సెకండ్ల ముల్లు ఎప్పటిలాగే తిరుగుతోంది. గండం గడిచిందనుకున్నాను. ఓడల మీద ఇన్నేళ్లు పనిచేసిన నేను అలా అనుకోకుండా ఉండాల్సింది. నీరు ఆవిరవుతుంది గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. వచ్చిన చోటే కూర్చుని గాలిలో తేమను లాక్కుంటూ ఉంటుంది. బీచ్ రోడ్డు ఇళ్లలో కిటికీ గ్రిల్స్ ఎందుకు పొరలు పొరలుగా రాలిపోతాయో విశాఖలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు.

ఏప్రిల్‌కు 30 రోజులే కాబట్టి మే 1న వాచీ 31 చూపించింది. తేదీ మార్చడానికి కీ బయటికి లాగితే లోపల ఇసుక పడ్డట్టు గరగరమంది. జూన్‌కూ 30 రోజులే. జూలై 1న మళ్లీ లాగాను. ఈసారి గరగర లేదు. కీ మొత్తం, దానికి అంటుకుని అర సెంటీమీటరు పుల్లతో సహా, నా వేళ్ల మధ్యకి వచ్చేసింది. పుల్ల విరిగిన చోట ఇటుకపొడి రంగు తుప్పు. విచిత్రం ఏమిటంటే వాచీ అప్పటికీ నడుస్తోంది, టైము కూడా సరిగ్గానే ఉంది.

కురుపాం మార్కెట్ దగ్గర సందులో మా నాన్నగారి హెచ్‌ఎంటీ వాచీ బాగుచేసే మాస్టారు ఉన్నారు, డెబ్బై దాటాయి. ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. మూత తిప్పి, కంటికి లూప్ (చిన్న భూతద్దం) పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లూప్ తీసి నాకే ఇచ్చారు. కీ పుల్ల ఉండే దారి పొడవునా ఎర్రటి పొడి. తేదీ చక్రాన్ని పట్టుకునే సన్న స్ప్రింగు సగం తినేసి ఉంది. చేతి కదలికకు తిరిగే అర్ధచంద్రం బరువు ఉంటుంది కదా, దాని ఇరుసు చుట్టూ కాటుకలాంటి నల్లటి మడ్డి. అది ఆయిల్ కాదు, ఆయిల్ ఆరిపోయాక ఇనుముకు ఇనుము రాసుకుని రాలిన పొడి.

"ఏటి బాబూ, దీంతో సముద్రంలోకి గానీ దిగావేటి?"

"దిగాను మాస్టారూ. కానీ టైము రోజుకు ఐదు సెకండ్లు కూడా తేడా లేదండీ."

ఆయన వాచీని చిన్న మైకు స్టాండు మీద పెట్టారు. టిక్‌టిక్ శబ్దాన్ని విని లెక్క చెప్పే మెషిన్ అది, టైమ్‌గ్రాఫర్ అంటారు. పూర్తిగా కీ ఇచ్చినట్టే ఉండేలా చేత్తో బాగా ఊపి పెడితే, రోజుకు ప్లస్ 5 సెకండ్లు చూపించింది. దాని పక్కన ఇంకో అంకె ఉంది, 198. ఆయన వేలు దాని మీద పెట్టారు.

"టైము సూసి మోసపోయావు బాబూ. ఉయ్యాల పెద్దగా ఊగినా సిన్నగా ఊగినా ఒకసారి పోయి రావడానికి పట్టే టైము ఇంచుమించు ఒకటే కదా. నీ బ్యాలెన్స్ చక్రం ఓపిక లేక సిన్నగా ఊగుతోంది. టైము మాత్రం తప్పట్లేదు."

ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన అసలు విషయం ఈ ఉయ్యాల మాటే. వాచీలో అటూ ఇటూ ఊగుతూ టైము కొలిచే బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందన్నదాన్ని యాంప్లిట్యూడ్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న వాచీని బల్ల మీద వెల్లకిలా పెడితే సాధారణంగా 270 నుంచి 310 దాకా ఉంటుంది. ఆయిల్ ఆరేకొద్దీ అది తగ్గుతుంది, కానీ సెకండ్ల లెక్క చాలాకాలం దాదాపు అలాగే నిలబడుతుంది. అంటే "టైము సరిగ్గా ఉంది, కాబట్టి సర్వీసు అక్కర్లేదు" అన్న మాటకు అర్థమే లేదు. నా వాచీ సెకనుకు ఎనిమిది టిక్కులు కొడుతుంది. రోజుకు 6,91,200. ఏడాదికి 25 కోట్లకు పైనే. ఆ తొమ్మిదేళ్లలో చివరి రెండు మూడేళ్ల టిక్కులు పొడి ఇరుసుల మీదే కొట్టి ఉంటుంది. మొదట్లో చెప్పుకున్న ఆ నాలుగు సెకండ్ల గొప్పను నేను ఇప్పుడు అదే గొంతుతో చెప్పలేను.

పెద్ద స్విస్ కంపెనీలు చాలావరకు విడిభాగాలు బయటివాళ్లకు అమ్మవు. మాస్టారు అందుకే ముట్టుకోనన్నారు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వేరే ఊరు పంపించాల్సి వచ్చింది. నాలుగు నెలలు పట్టింది, రూ.62,000 అయింది. అందులో మామూలు సర్వీసు రూ.41,000, మిగతాది తుప్పు తిన్న భాగాలకు. డబ్బు కంటే ఆ నాలుగు నెలల ఖాళీ చెయ్యి ఎక్కువ బాధపెట్టింది. పని మాత్రం గొప్పగా చేశారు. మెషీన్ మొత్తం విప్పి, కడిగి, ఆరబెట్టి, ఒక్కో చోటుకు ఒక్కో రకం ఆయిల్ వేస్తారు. బరువు మోసే నెమ్మది చక్రాలకు చిక్కటిది, గబగబా ఊగే బ్యాలెన్స్ ఇరుసుకు పలచటిది. వాచీని నడిపే మెయిన్ స్ప్రింగు కొత్తది వేశారు, రబ్బరు రింగులన్నీ మార్చారు. 2021 నవంబరులో తిరిగొచ్చినప్పుడు యాంప్లిట్యూడ్ 292.

ఇక ఎన్నాళ్లకోసారి అన్న ప్రశ్న. కంపెనీలన్నీ ఒకే మాట చెప్పవు. రోలెక్స్ సుమారు పదేళ్లకోసారి అంటుంది, ఒమేగా ఐదు నుంచి ఎనిమిదేళ్లకు అంటుంది. రెండూ వాడకాన్ని బట్టి అనే అంటాయి, అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ఓడల్లో మేం దీన్ని రెండు ముక్కలుగా చూస్తాం. ఇంజిన్ ఓవర్‌హాల్ అది ఎన్ని గంటలు తిరిగిందో చూసి చేస్తాం. ఓడ అడుగుభాగం లెక్క వేరు. ఇంజిన్ ఎంత చక్కగా ఉన్నా ఐదేళ్లలో రెండుసార్లు అడుగు తనిఖీ చేయించాలి, రెంటికీ మధ్య 36 నెలలు దాటకూడదు. ప్రొపెల్లర్ షాఫ్టు ఓడ పొట్టలోంచి సముద్రంలోకి వచ్చే చోట సీల్ రింగులు ఉంటాయి, ఇంజిన్ రూమ్‌లో ఉన్నవాళ్లందరికీ భయం వాటి గురించే. వాచీలో కీ పుల్ల అచ్చంగా అదే. లోపలి నుంచి బయటికి వచ్చే ఒకే ఒక్క షాఫ్టు, దానికి సన్నటి రబ్బరు రింగులు. చెమట, సబ్బు, వేడినీళ్లు, ఎండ వీటితో ఆ రబ్బరు గట్టిపడి సాగడం మానేస్తుంది. 300 మీటర్లన్నది కొత్త రింగులతో చేసిన పరీక్ష ఫలితం, వాచీకి జీవితాంతం ఇచ్చిన హామీ కాదు. నా వాచీని ముంచింది తొమ్మిదేళ్ల ఆయిల్ కాదు, తొమ్మిదేళ్ల రబ్బరు.

కాబట్టి ఇప్పుడు నా వాచీకి రెండు వేర్వేరు క్యాలెండర్లు పెట్టుకున్నాను. ప్రతి ఏడాదీ డిసెంబరులో ప్రెషర్ టెస్ట్ చేయిస్తాను. వాచీని చిన్న గదిలాంటి దాంట్లో పెట్టి గాలి ఒత్తిడి ఇచ్చి, కేసు ఎంత నొక్కుకుంటోందో కొలుస్తారు. నీళ్లు తగలవు, కొద్ది నిమిషాల పని. 2023లో ఈ టెస్టులో ఫెయిలైంది. సర్వీసు అయి రెండేళ్లే, చూడ్డానికి ఏ లోపమూ లేదు, టైము బ్రహ్మాండంగా ఉంది, కీ దగ్గర రింగు మాత్రం గాలి వదులుతోంది. కీ మార్పించాను, రూ.4,500తో పోయింది. ఆ ఒక్క టెస్టు చేయించకపోతే ఆ ఏడాది భీమిలి కథ మళ్లీ జరిగేది. ఎంత సంతోషమేసిందంటే మాస్టారికి స్వీట్ బాక్స్ తీసుకెళ్లి ఇచ్చాను.

మెషీన్ సర్వీసు మాత్రం తేదీ చూసి ఇవ్వను. ఆరు నెలలకోసారి మాస్టారి దగ్గర కూర్చుని అంకె రాసుకుంటాను, ఇంట్లో నోటుబుక్కు ఉంది. 292తో మొదలై ఇప్పుడు 271 దగ్గర ఉంది. ఇంట్లో ఇంకో పరీక్ష కూడా చేస్తాను. పూర్తిగా కీ ఇచ్చి బల్ల మీద పెట్టి, ఎన్ని గంటలకు ఆగిపోతుందో చూస్తాను. కొత్తలో 40 గంటలు దాటేది, 2021లో ఈ పరీక్ష చేసి ఉంటే 30 కూడా వచ్చేది కాదేమో. ఫోన్ యాప్‌లతో కూడా యాంప్లిట్యూడ్ చూడొచ్చంటారు. సెకండ్ల తేడాకైతే పర్లేదు గానీ ఆ అంకెను నమ్మకండి. ఒక్కో మెషీన్‌కు లిఫ్ట్ యాంగిల్ అని ఒక విలువ ఉంటుంది, యాప్‌లో అది తప్పుగా పెడితే చావు దగ్గరున్న వాచీ కూడా పెళ్లికొడుకులా కనిపిస్తుంది.

మీకు ఇదే లెక్క సరిపోతుందని చెప్పను. నేను సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉంటాను, పోర్టు వైపు ఉద్యోగం, ఏడాదిలో తొమ్మిది నెలలు చెమటే, వాచీని రాత్రి కూడా తీయను. హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసులో కూర్చుని, షర్టు కఫ్ కింద పెట్టుకునేవాళ్లకు ఎనిమిది, పదేళ్లు హాయిగా నడవచ్చు. వాళ్లు కూడా స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లేముందు మాత్రం ఒక్కసారి ప్రెషర్ టెస్ట్ చేయించుకోమంటాను. బీరువాలో దాచి పండక్కి తీసేవాళ్లు వాడలేదు కదా అని నిశ్చింతగా ఉండొద్దు. ఇరుసులు అరగవు గానీ రబ్బరుకూ ఆయిల్‌కూ వయసు ఆగదు. మా నాన్నగారి హెచ్‌ఎంటీ సంగతి మళ్లీ వేరు. అది సెకనుకు ఐదు టిక్కులే కొడుతుంది, పాతకాలం ఆయిల్ జిగురుగా మారేదని ఆయన రెండు మూడేళ్లకోసారి తప్పనిసరిగా కడిగించేవారు. మేం వింతగా చూసేవాళ్లం. ఆయనది చాదస్తం అనుకున్నాను, కాదు.

మళ్లీ ఇదే వాచీ కొంటారా అని మొన్న ఒకరు అడిగారు. నాలాగా ఇంజిన్లంటే ఇష్టం ఉండి, ఏడాదికోసారి దాని కోసం ఒక పూట కేటాయించగలిగితే కొనండి. సముద్రంలోకి దిగడానికే వాచీ కావాలనుకుంటే మాత్రం నేను చౌకైన డిజిటల్ వాచీనే చెబుతాను, నేనూ ఇప్పుడు భీమిలికి అదే పెట్టుకెళుతున్నాను.

నాది ఇప్పుడు 271. 240కి దిగితే పంపిద్దామని నిర్ణయం, ఈ లెక్కన ఇంకో ఐదారేళ్లు రావాలి. ఫిబ్రవరిలో అమ్మాయి పెళ్లి ఉంది. డిసెంబరు టెస్టులో ఏదైనా తేడా వస్తే రింగులు ఇక్కడే మార్పించి, మిగతాది పెళ్లయ్యాకే చూసుకుంటాను.