గుండె జబ్బుతో సిజేరియన్: మత్తు డాక్టర్లకి ఐదు స్టార్లు, వార్డుకి రెండు

చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల నా గుండెలో మైట్రల్ వాల్వ్ (ఎడమవైపు పై గది నుంచి కింది గదికి రక్తం వదిలే కవాటం) దారి బాగా ఇరుకైపోయింది. ఆసుపత్రి పేరు రాయను, సర్వీసు గురించే రాస్తాను.

అన్నిటికంటే నచ్చింది, మత్తు డాక్టర్‌ని ఆపరేషన్ టేబుల్ మీద కాదు, ఏడో నెలలోనే కలవడం. నా ఎకో (గుండె స్కాన్) రిపోర్టు ముందు పెట్టుకుని ఆవిడ, గైనకాలజిస్టు, కార్డియాలజిస్టు నా ఎదురుగానే ప్లాన్ మాట్లాడుకున్నారు. వెన్నులో ఒకేసారి ఫుల్ డోసు ఇస్తే రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుందట, అప్పుడు గుండె వేగం పెంచుకుంటుంది, నాకు ఆ వేగమే ప్రమాదం, ఎందుకంటే సన్నటి వాల్వ్ గుండా రక్తం దిగడానికి టైమ్ కావాలి, ఆ టైమ్ చాలకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇంత ఓపిగ్గా నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

అందుకే ఎపిడ్యూరల్ ట్యూబు (వెన్నులో పెట్టే సన్న గొట్టం) పెట్టి మందు కొంచెం కొంచెంగా ఎక్కించారు. చాలాసేపు పట్టింది, పట్టనీ. అంతకు ముందే మణికట్టు దగ్గర ధమనిలో సన్న గొట్టం పెట్టారు, ప్రతి బీట్‌కీ బీపీ స్క్రీన్ మీద కనిపించేది (తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పే, అబద్ధం చెప్పను). బీపీ తగ్గితే ఫినైలెఫ్రిన్ ఇచ్చారు. బీపీ పెంచే ఇంకో మందు ఎఫెడ్రిన్ గుండె వేగం కూడా పెంచుతుందని దాన్ని పక్కన పెట్టారు.

బిడ్డ ఏడుపు వినగానే అయిపోయిందనుకున్నాను. వాళ్లకి అసలు టెన్షన్ అప్పుడే మొదలైంది. గర్భసంచి బిగుసుకోగానే అందులోని రక్తం ఒక్కసారిగా గుండెకి చేరుతుంది, నా ఇరుకు వాల్వ్‌కి అది భారం. గర్భసంచి బిగుసుకోవడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ గబుక్కున ఇవ్వకుండా పంపు మీద నెమ్మదిగా ఎక్కించారు, అదే పనికి వాడే మిథైల్ ఎర్గోమెట్రిన్ బీపీ పెంచుతుంది కాబట్టి ఇవ్వొద్దని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి పెట్టారు. తర్వాత వార్డుకి పంపకుండా ఐసీయూలో ఉంచడం కూడా ఇందుకే.

ఇక వార్డు. గుండె లయ తప్పుతోందని నాకు రక్తం పలచబడే హెపారిన్ ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. నేను వాడే డోసుకి వెన్నులో సూది గుచ్చే ముందు కనీసం 24 గంటలు ఆపాలి. మత్తు డాక్టర్ ఆ సంగతి కేస్ షీట్‌లో స్పష్టంగా రాశారు. అయినా ఆపరేషన్‌కి ముందురోజు రాత్రి నర్సు సిరంజి పట్టుకుని వచ్చేసింది! నాకు తెలుసు కాబట్టి ఆపాను, తెలియనివాళ్ల సంగతేంటి? లోపల ఏం జరుగుతోందో బయట మావాళ్లకి చెప్పే మనిషి కూడా లేడు.

మీరు ఎక్కడ చేరినా రెండు సంగతులు అడగండి: మత్తు డాక్టర్ ముందుగా చూస్తారా, హెపారిన్ ఎప్పుడు ఆపాలో రాసి మీ చేతికి కూడా ఇస్తారా అని. నర్సు విషయం కంప్లైంటు రాసిచ్చాను, ఇంకా జవాబు రాలేదు.