లేజర్ రేంజ్‌ఫైండర్: జెండా కన్నా బంకర్‌కే ఎక్కువ పనికొచ్చింది

మాది బరంపురం. నేను గోల్ఫ్ ఆడేది మాత్రం విశాఖలో, ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో, స్నేహితుల గెస్టుగా. పొద్దున్నే రైలెక్కి అంత దూరం వెళ్లి ఆడే రౌండ్ కాబట్టి ప్రతి దెబ్బా ఆలోచించి కొట్టాలని ఉంటుంది. అందుకే లేజర్ రేంజ్‌ఫైండర్, అంటే గురిపెట్టి బటన్ నొక్కితే దూరం చెప్పే పరికరం, కొన్నాను. కొన్నేళ్లుగా వాడుతున్నాను.

దూరం కచ్చితంగా చెబుతుందా అని అందరూ అడుగుతారు. చెబుతుంది, గజం అటూ ఇటుగా. దాన్ని దేనికి గురిపెట్టాలన్నదే అసలు విషయం.

ఒక పార్-3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్, తీసుకుందాం. గుంతలో నిలబెట్టిన జెండా గ్రీన్ (గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) కుడి మూలన ఉంది, దాని ముందు బంకర్, అంటే ఇసుక గుంట. జెండా మీద నొక్కితే 148 గజాలు. నా ఏడో నంబర్ ఐరన్ (ఇనుప తల ఉన్న కర్ర) బాగా తగిలితే 150 పోతుంది, మామూలుగా తగిలితే 138 దగ్గర పడుతుంది. 148 ఒక్కటే చూస్తే చెయ్యి ఏడో నంబర్ మీదికే పోతుంది. ఇప్పుడు బంకర్ అవతలి గట్టు మీద నొక్కండి: 141. అంటే నా మామూలు దెబ్బ నేరుగా ఇసుకలోకే. గ్రీన్ వెనకున్న చెట్టు 172 చూపిస్తుంది, కాబట్టి వెనక చోటు బోలెడంత. ఈ మూడు అంకెలూ చూశాక ఇంకాస్త దూరం పోయే ఆరో నంబర్ తీసి గ్రీన్ మధ్యకు కొట్టేస్తాను. పట్ (గ్రీన్ మీద బంతిని గుంత వైపు దొర్లించే దెబ్బ) పొడుగ్గా మిగిలినా రెండు పట్లలో ముగించవచ్చు. అమెరికా ప్రొఫెషనల్ పోటీలైన పీజీఏ టూర్‌లో ఆడేవాళ్లే 8 అడుగుల పట్‌ని దాదాపు సగం సార్లు గుంతలో వేయలేరు. ఇక మనం బంతిని జెండా పక్కన ఆపడం కోసం బంకర్‌తో పందెం కాయడం దేనికి?

ఒక్క మాట. చదునైన ఇసుక మీద లేజర్ సరిగ్గా పట్టుకోదు. నిలువుగా ఉన్న గట్టో, అక్కడ నిలబడ్డ మనిషో కావాలి. జెండా వెనకే చెట్లుంటే ఒక్కోసారి వాటి దూరం చూపించేస్తుంది. రెండు మూడుసార్లు నొక్కి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెను నమ్మండి.

దూరం తెలిసినంత మాత్రాన నిర్ణయం దానంతటదే రాదు. 1999లో స్కాట్లండ్‌లోని కార్నూస్టీలో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో ఫ్రెంచ్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ చివరి హోల్‌కి మూడు స్ట్రోకుల (దెబ్బల) ఆధిక్యంతో వచ్చాడు. పార్-4 మీద 6 కొట్టినా కప్పు ఆయనదే. టీ మీద, అంటే హోల్ మొదలయ్యే చోట, అన్నిటికన్నా దూరం కొట్టే డ్రైవర్ కర్ర తీశాడు. రెండో దెబ్బనూ వెనక్కి తగ్గకుండా గ్రీన్ మీదికే కొట్టాడు. చివరికి 7 అయింది, స్కోర్లు సమానమై జరిగిన ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు. ఆ రౌండ్ తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఎత్తుపల్లాలు లెక్కేసి చెప్పే స్లోప్ మోడ్ విశాఖ లాంటి కోర్సులో బాగా పనికొస్తుంది. పైకి కొట్టేటప్పుడు సుమారు మూడు అడుగుల ఎత్తుకు ఒక గజం కలుపుకోవాలి, ఆ లెక్క అదే చేసి పెడుతుంది. పోటీల్లో మాత్రం ఆపేయాలి. 2019 నుంచి నియమాలు దూరం కొలవడానికి ఒప్పుకుంటున్నాయి, ఎత్తు కొలవడానికి కాదు. స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కేసే పోటీలో) మొదటిసారి దొరికితే రెండు స్ట్రోకుల పెనాల్టీ, రెండోసారి అయితే అనర్హతే. అందుకని స్లోప్‌కి బయట స్విచ్ ఉన్న మోడలే కొనండి, ఆపారో లేదో పక్కవాళ్లకూ కనిపిస్తుంది.

గాలి సంగతి ఏ లేజరూ చెప్పదు. ఒకసారి నేను కంటికి పెట్టుకుని నొక్కుతూ ఉంటే మా కేడీ (కర్రలు మోసే సహాయకుడు), ఆయన పెద్దాయన, "బాబూ, ఆ పెట్టెలో గాలి కనబడదు కదండీ, జెండా గుడ్డ ఎటు కొట్టుకుంటోందో చూడండి" అన్నాడు. సముద్రం వైపు నుంచి గాలి ఎదురొస్తుంటే ఇప్పుడు నేను ముందు గుడ్డ చూసి, తర్వాతే అంకె చూస్తాను.

బరంపురంలో ఉన్నప్పుడూ ఇది ఖాళీగా ఉండదు. గోపాల్‌పూర్ ఇసుకలో నిలబడి, ఒడ్డున లాగిపెట్టిన పడవ ఎన్ని గజాలుంటుందో ముందు కంటితో అంచనా వేస్తాను, తర్వాత నొక్కి సరిచూసుకుంటాను. ఈ అలవాటు వల్ల నా కంటి అంచనా చాలా మెరుగైంది.

లోపాలూ ఉన్నాయి. మా తీరం తేమకి లెన్స్ అంచున బూజు పట్టింది, బ్యాటరీ మూతకి తుప్పొచ్చింది. సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెడుతున్నప్పటి నుంచి అది పెరగలేదు. వానలో, మంచులో జెండా దొరకదు. టీ నుంచి గ్రీన్ కనబడని హోల్స్‌లో దీంతో పనే లేదు, అక్కడ గ్రీన్ ముందు, మధ్య, వెనక దూరాలు చూపించే ఫోన్ జీపీఎస్ యాప్ నయం. నేను రెండూ వాడతాను. ఒక్కటే కొనే స్తోమత ఉండి, ఎప్పుడూ ఒకే కోర్సులో ఆడేవాళ్లైతే లేజరే తీసుకోండి. ఊరూరా తిరిగి ఆడేవాళ్లకు యాప్ చాలు.